భవంతిలో ఉత్తుత్తి చావు

తెల్లారి సాన్పి చల్లడానికి బయటికొచ్చిన బాలమణికి వాకిట్లో ముగ్గేసే చోటు దొరకలేదు. ముగ్గు పడాల్సిన చోట మూడు కాళ్ల స్టాండు నిలబడి ఉంది. దాని చుట్టూ నల్లటి వైర్లు మెలికలు తిరిగి, చుక్కలు మరిచిపోయిన మెలికల ముగ్గులా పడి ఉన్నాయి. ఇవాళ్టికి ఇదే ముగ్గనుకుని ఆమె బకెట్‌తో వెనక్కి తిరిగింది.

రెండువేల మూడు ఎండాకాలం అది. మేడ్చల్‌లో నాగపూర్ రోడ్డు పక్కనున్న పాత ఇళ్లన్నీ ఒక్కొక్కటే కాంప్లెక్సులైపోతున్నాయి. బాలమణి భర్త సోమయ్యకు మాత్రం ఉన్నది ఒకటే కాంప్లెక్సు: తన తాత కట్టిన భవంతి లాంటిది చుట్టుపక్కల ఇంకోటి లేదన్న సుపీరియారిటీ కాంప్లెక్సు. నడుమ ఆకాశం కనిపించే గచ్చు వాకిలి, చుట్టూ నాలుగు వైపులా వసారాలు, ముందు హాలు, ఏనుగు తొండాలు చెక్కిన టేకు దర్వాజ. ఇంటి మీద పెంకులు, ఇంటాయనలో పెంకితనం. వానాకాలంలో పెంకులు కారేవి కానీ, పెంకితనం చుక్క కారేది కాదు.

ఆ పెంకుల కోసమే టీవీ సీరియల్ వాళ్లను ఇంట్లోకి రానిచ్చాడు. వానలు పడేలోగా కప్పంతా కొత్తగా నేయించి ఇస్తామన్నారు వాళ్లు. వచ్చిన మొదటిరోజే ఆర్టు డైరెక్టరు గోడలన్నీ కలయజూసి, ఇల్లు పాతగా కనిపించడం లేదని పెదవి విరిచాడు. నూరేళ్ల సున్నం గోడల మీద బూడిదరంగు పులిమి, దూదిని లాగి బూజులు కట్టాడు. అసలు బూజులు దులిపిన చోట నకిలీ బూజులు వేలాడుతుంటే, బాలమణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె ఆ రెండూ మానేసి చాలాకాలమైంది.

ఇల్లంతా షూటింగుకు ఇచ్చినా, ఆమె ఒక్క అర్ర మాత్రం ఇవ్వలేదు. వంటింటి పక్కనున్న పురిటి అర్ర అది. సోమయ్య పుట్టింది అందులోనే, బాలమణికి పుట్టిల్లంటూ మిగలకపోవడంతో వాళ్ల ఒక్కగానొక్క కూతురు శైలజ పుట్టిందీ అందులోనే. తొలిచూలు పుట్టింట్లో జరగాలి. శైలజకు తొమ్మిదో నెల పడింది. బాలమణి ఆ అర్రకు తానే సున్నం వేసింది, నులకమంచం బిగించింది, పాతచీరలు ఉతికి మడతలు పెట్టింది. అన్నీ ఉన్నాయి. రావాల్సిన బిడ్డే రాలేదు.

రాదు కూడా. మూడేళ్ల కింద శైలజ తనతో చదివిన వెంకటసాయిని పెళ్లి చేసుకుని, పూలదండతో ఈ దర్వాజ ముందే నిలబడింది. వాళ్లది కోస్తా నుంచి వచ్చి మచ్చ బొల్లారం కాలనీలో స్థిరపడ్డ ఉద్యోగస్తుల కుటుంబం. కులమూ వేరే. సోమయ్య దర్వాజకు రెండు చేతులూ అడ్డం పెట్టి, "నేను సచ్చినంకనే నువ్వీ దర్వాజ తొక్కాలె" అన్నాడు. శైలజ కళ్లు తుడుచుకోకుండానే, "సరే నాయినా. నువ్వు చెప్పినట్టే వస్త" అని వెనుదిరిగింది. ఆ పెంకుకు ఈ పెంకు. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. కారింది మాత్రం బాలమణి కళ్లే.

ఆమె బకెట్ పక్కన పెట్టి, వసారాలో చాయ్ తాగుతున్న భర్త ముందు కూలబడింది.

"ఏమయ్యా, డాక్టరమ్మ ఏమన్నదో చెప్పిన గద. పిల్లకు బీపీ ఉన్నదట. మెట్లు సుత ఎక్కొద్దన్నదట. ఒక్కసారి నువ్వు పోయి, రా బిడ్డా అను. నీ కాళ్లు మొక్కుత."

"నేనన్న మాట నేనే మింగాల్నా?"

"మాటే గద, విషమా? మింగు. నేను మూడేండ్ల సంది కన్నీళ్లు మింగుతలేనా?"

"పొద్దుగాల్నే లొల్లి పెట్టకు. దానికి రావాలని ఉంటే రాదా? నేనేమన్న తాళమేసిన్నా?"

"తాళమేస్తే పగలగొట్టొచ్చు. నువ్వు మాటేసినవ్. పురుట్ల బిడ్డకేమన్న అయితే నీ భవంతిని నెత్తిన పెట్టుకుంటవా?"

సోమయ్య చేతిలో చాయ్ గ్లాసు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మామూలుగానే నోటి దగ్గరికి వెళ్లింది. గ్లాసు ఆగిన ఆ క్షణాన్ని బాలమణి చూసింది. మూడేళ్లుగా ఆమె బతుకుతున్నది అలాంటి క్షణాల మీదే.

ఇంతలో దర్వాజ దగ్గర గొడవ మొదలైంది.

చావన్నదే లేని ఆ సీరియల్లో ఆరోజు ఒక చావు ఉంది. తాత పోవాలి. తాత వేషం వేసే నటుడు మరో సీరియల్లో బతికి ఉండటంతో ఇక్కడ చావడానికి తీరిక దొరకలేదు. ముఖం సరిగా కనిపించకుండా తీసేద్దామని డైరెక్టరు భానుతేజ, శవంగా పడుకోవడానికి ఓ ముసలాయన్ని ఆటోలో తెప్పించాడు. ఆయన దర్వాజ దాటబోతుంటే సోమయ్య అడ్డం వెళ్లాడు.

"ఎవడీన? ఏడ పండుతడు?"

"హాల్లో, దూలం కింద. అరగంట పని పెదనాన్నగారూ."

"మా తాతను పండబెట్టిందాడ. మా నాయినను పండబెట్టిందాడ. గాడ పరాయోడు శవమై పండుతడా? నా ఇంట్ల శవం లేస్తే మా ఇంటోళ్లదే లేవాలె!"

"అయ్యో, నిజం శవం కాదండీ!"

"ఉత్తుత్తిదైనా సరే. నా ఇంట్ల ఉత్తుత్తి చావుకు సుత నాకే హక్కున్నది. నేనే పండుత."

భానుతేజ ముఖం వెలిగిపోయింది. బాలమణి ముఖం ఆరిపోయింది.

"నీకేమన్న పిచ్చా? బతికున్న మనిషి ముక్కుల దూది పెట్టుకుంటడా? పిల్ల కానుపుకున్నది. ఇంట్ల గసుంటి ఏడ్పు పుట్టిస్తరా?"

"ఊకో. పెంకులెక్కాల్నా ఒద్దా?"

"మీరు కదలకుండా ఉంటే చాలండీ" అన్నాడు డైరెక్టరు.

అది సోమయ్యకు కొత్త విద్యేమీ కాదు. కూతురి విషయంలో మూడేళ్లుగా అంగుళం కదల్లేదు.

ఆయనను దూలం కింద తెల్లగుడ్డ మీద పడుకోబెట్టారు. బొటనవేళ్లు కలిపి కట్టారు, ముక్కులో దూది పెట్టారు, మెడలో బంతిపూల దండ వేశారు. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్లు నలుగురూ గ్లిజరిన్ రాసుకుని ఏడ్చారు గానీ, కళ్లలో నీళ్లున్నాయి తప్ప గొంతులో చావు లేదు. భానుతేజ నాలుగుసార్లు కట్ చెప్పాడు. పల్లెటూరి చావులా లేదని తల పట్టుకున్నాడు. అప్పుడెవరో యాదవ్వ పేరు చెప్పారు. ఆ వాడలో ఎవరింట్లో మనిషి పోయినా శోకం ఎత్తుకునేది ఆ ముసలామే.

యాదవ్వ వచ్చి, శవం పక్కన చతికిలబడి, సోమయ్యను పైనుంచి కిందికి చూసింది.

"ఉత్తుత్తిదే గద?"

"ఉత్తుత్తిదే అవ్వా. సీరియల్లో తాత పేరు రఘురామయ్య. ఆ పేరుతోనే ఏడువు" అన్నాడు భానుతేజ.

"రఘురామయ్య ఎవడు? పేరొకడిది, మనిషొకడైతే ఏడ్పెట్లొస్తది బిడ్డా?"

యాదవ్వ కళ్లు మూసుకుంది. తన చేతుల మీద పెరిగిన పిలగాడు తెల్లగుడ్డ మీద కాళ్లు చాపుకుని పడున్నాడు. తన ఇద్దరు కొడుకులను కూడా ఆమె ఇలాగే చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, వదిలేసింది.

"కొడకా ఓ సోమయ్యా... భవంతి బోసిపాయె గద కొడకా... ఒక్కగానొక్క బిడ్డను దూరం జేసుకొని, ఎవ్వరి చేతి నీళ్లు దాగి పోతివిరా కొడకా ఓ సోమయ్యా..."

నడుమ కప్పులేని ఇల్లది. ఆ శోకం వాకిలి నుంచి పైకి లేచి, పెంకుల మీదుగా వాడంతా పరుచుకుంది. గ్లిజరిన్ ఆడవాళ్లు తమ పని మరిచి నిజంగా ఏడ్చేశారు. భానుతేజ కట్ చెప్పినా ఆ ఏడుపు తెగలేదు. వాడలో అప్పుడే రాజేసిన పొయ్యిల మీద నీళ్లు చల్లి, ఆడవాళ్లు పరుగున వచ్చారు. మగవాళ్లు తువ్వాళ్లు తీసి చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. షూటింగని తెలిసినవాళ్లు కూడా ఎందుకో నిశ్శబ్దంగానే నిలబడ్డారు. పిలవకుండానే ఇంతమంది వచ్చినందుకు డైరెక్టరు పొంగిపోయి, రెండో కెమెరా తెమ్మన్నాడు.

బాలమణి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. యాదవ్వ నోట 'ఒక్కగానొక్క బిడ్డ' అని రాగానే ఆమె పురిటి అర్ర వైపు చూసింది. ఆ సమయంలో వీధి చివర కిరాణా కొట్టు తారాబాయి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి ఆమెను వాటేసుకుంది.

"ధైర్యం జేసుకో బాలమణీ. దేవుడు గిట్ల రాసిండు. శైలజకు ఫోన్ జేసిన. ఆఖరి సూపన్న దక్కాలె గద పిల్లకు."

బాలమణి ఆమె చేతులు విడిపించుకుంది.

"ఏం జేసినవ్?"

"నా కొట్టు కాడి కెల్లి జేసిన. వాళ్లత్త ఎత్తింది. నాయిన పోయిండు, జల్దీ రమ్మన్న..."

"సావలేదే! గది షూటింగే తారా! ఆయన ఉన్నడే! కడుపుతో ఉన్న పిల్లకు గిసుంటి మాట చెప్తవా!"

బాలమణి ఆమెను తోసుకుని కిరాణా కొట్టుకు పరుగెత్తింది. అవతల ఫోన్ మోగింది, మోగింది, మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. బయల్దేరిపోయారు. ఎగుడుదిగుడు రోడ్డు మీద, ఆటోలో, మెట్లు కూడా ఎక్కొద్దన్న పిల్ల. బాలమణి వెనక్కి వచ్చి దర్వాజ పట్టుకుని నిలబడింది. దేవుళ్లందరి పేర్లూ ఒకేసారి నోటికి రావడంతో ఒక్కరినీ మొక్కలేకపోయింది.

లోపల కెమెరా జాగా మార్చారు. లైట్లు జరిపారు. సోమయ్యను కదలొద్దన్నారు. యాదవ్వను మళ్లీ ఎత్తుకోమన్నారు. ఆ రెండో శోకం సగంలో ఉండగా ఆటో వచ్చి ఆగింది.

శైలజ దిగింది. రెండు చేతులూ కడుపు కింద ఆనించుకుని, చెప్పుల్లేని కాళ్లతో, ఎర్రబడ్డ ముఖంతో వస్తోంది. వెనక అత్తగారు సీతామహాలక్ష్మి, "నెమ్మది అమ్మాయ్, నెమ్మది!" అంటూ అవస్థ పడుతోంది.

ఒక్క కేక చాలు. నాయిన బతికే ఉన్నడు బిడ్డా అని ఒక్క కేక వేస్తే చాలు, పిల్ల గుండె కుదుటపడుతుంది. బాలమణి నోరు తెరిచింది. కానీ ఆ మాట వింటే శైలజ ఏం చేస్తుందో ఆమెకు తెలుసు. అక్కడే ఆగిపోతుంది. ఆయన బతికుండగా గడప తొక్కనన్న పిల్ల, ఆ ఆటోలోనే వెనక్కి పోతుంది. ఇంకెప్పుడూ రాదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. కూతురు ఆమె పక్కనుంచి, ఆమె కొంగు రాసుకుంటూ, మూడేళ్ల తర్వాత గడప దాటింది.

జనం తప్పుకుని దారిచ్చారు. కెమెరా ఉన్నదని శైలజ చూడలేదు. తండ్రి కాళ్ల దగ్గర ఒరిగి కూర్చుని, కట్టేసిన ఆ బొటనవేళ్లను రెండు చేతులతో పట్టుకుంది.

"నాయినా... వచ్చిన. నువ్వు చెప్పినట్టే వచ్చిన. ఇగనన్న లేచి నన్ను తిట్టు నాయినా..."

యాదవ్వ శోకం ఆపేసింది. భానుతేజ ఊపిరి బిగబట్టి చూస్తూ చూస్తూ, ఒక్కసారిగా అరిచాడు.

"కట్, కట్! శవం ఏడుస్తోంది!"

నిజమే. మూసిన సోమయ్య కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. ఆయన లేచి కూర్చున్నాడు. సగం జనం కేకలు పెట్టి వాకిట్లోకి పరుగెత్తారు. శైలజ మాత్రం కదల్లేదు. తండ్రి ముఖాన్నీ, దూదినీ, దండనూ, ఆ పైన వెలుగుతున్న లైట్లనూ ఒక్కొక్కటే చూసింది.

"బిడ్డా..." అన్నాడు సోమయ్య.

"ఇదేం చోద్యమండీ అన్నయ్యగారూ!" సీతామహాలక్ష్మి గొంతు హాలంతా మోగింది. "నిండు చూలాలు చావింటికి వెళ్లకూడదమ్మా అంటే, నా చెయ్యి విదిలించుకుని వచ్చిందండీ ఈ పిల్ల! దారిపొడుగునా 'నేనే మా నాన్నని చంపేశాను అత్తయ్యా' అని ఒకటే ఏడుపు! ఇక్కడ తమరు వేషాలు వేసుకుని పడుకున్నారా? కూతురి కన్నీళ్లతో సినిమా తీసుకుంటారా?"

"నాకెరుక లేదు వదినె, పిల్లకు కబురు పోయిందని నాకెరుక లేదు..."

శైలజ తల తిప్పి తల్లిని చూసింది.

"నీకెరుకేనా అమ్మా? నేను దర్వాజ కాడికి వచ్చినప్పుడు నీకెరుకేనా?"

అబద్ధం చెప్పడానికి బాలమణికి ఆ రోజు ఓపిక మిగల్లేదు.

"ఎరుకే బిడ్డా."

"ఎరికుండి నోరు మూసుకున్నవా?"

"చెప్తే పోతవనుకున్న. నిన్ను ఒక్కసారి ఇంట్ల సూడాలనుకున్న. పాపపుదాన్ని, మన్నించు."

"ఆయన మాటతోని సంపిండు. నువ్వు మాటాడక సంపినవ్." శైలజ నేల మీద చెయ్యి ఆనించి లేచింది. "అత్తయ్యా, పోదాం పదండి" అని రెండడుగులు వేసి, దూలం కిందున్న స్తంభాన్ని పట్టుకుంది. ముఖం తెల్లబడింది. "అమ్మా... నొస్తాంది" అంది, చిన్నప్పటి గొంతుతో.

ఆడవాళ్లు ఆమెను పట్టుకుని పురిటి అర్రలో పడుకోబెట్టారు. యాదవ్వ కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, దవాఖానకు బండి కావాలంది. సీరియల్ వాళ్ల వ్యాను భోజనాలు తేవడానికి పోయింది. శైలజ వచ్చిన ఆటో కూడా వెళ్లిపోయింది. ఎవరైనా చెప్పేలోపే సోమయ్య కాళ్ల కట్లు తెంపుకుని బయటికి పరుగెత్తాడు.

మేడ్చల్ జనం ఆరోజు మిట్టమధ్యాహ్నం నాగపూర్ రోడ్డు మీద ఒక శవం పరుగెత్తడం చూశారు. తెల్లగుడ్డ, మెడలో బంతిపూల దండ, నుదుటి మీద బొట్టు. అది రోడ్డుకు అడ్డం నిలబడి చేతులు ఊపుతుంటే, ఆటోలన్నీ వేగం పెంచి తప్పించుకు పోయాయి. బతికున్నన్నాళ్లూ దర్జాగా చెయ్యెత్తి ఆపిన మనిషికి, చచ్చాక ఒక్క బండీ ఆగలేదు. మొత్తానికి మండే తారు మీద చెప్పుల్లేకుండా ఊళ్లోని నర్సింగ్‌హోం దాకా పరుగెత్తి, అక్కడి డాక్టరమ్మ కాళ్ల మీద పడ్డాడు. ఆమె అరిచి, తేరుకుని, విషయం విని కారెక్కింది. డ్రైవరు మాత్రం ఆ దండతో ఆయన్ని కారెక్కనివ్వలేదు. ఆయన అడగనూ లేదు. కారు వెనకాలే పరుగెత్తుతూ వచ్చాడు.

అరగంట తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చింది. "బిడ్డ బాగుంది. నొప్పులు నిజమైనవి కావు. బీపీ మాత్రం ఎక్కువుంది. కానుపయ్యే దాకా ఈ మంచం మీంచి కదిలించొద్దు. ఆటోల్లో అసలే వద్దు" అని చెప్పి వెళ్లింది. బాలమణి చేతులు జోడించి, జోడించిన చేతులు విప్పడం మరిచిపోయి నిలబడింది.

అప్పటిదాకా గేటు దగ్గరే నిలబడ్డ సోమయ్య దర్వాజలో కాలు పెట్టబోయాడు. యాదవ్వ తన కర్రను అడ్డం పెట్టింది.

"ఆగు. ఏడ్పు పడ్డ మనిషివి. వాడంత నిన్ను ఏడ్చింది. గట్లనే లోపలికి రావద్దు. ఆ గుడ్డలు ఇడిసి నెత్తి మీద నీళ్లు పోసుకో. ఇంటి ఆడబిడ్డ పిలిస్తే కొత్తగ పుట్టినోని లెక్క రావాలె."

సోమయ్య తోడబుట్టిన ఆడవాళ్లంతా పోయారు. ఆ ఇంట పుట్టిన ఆడబిడ్డ ఇక మిగిలింది ఒక్కతే. ఆ సంగతి అక్కడున్న అందరికీ ఒకేసారి అర్థమైంది. తెరిచిన తలుపులోంచి పురిటి అర్రలో శైలజకూ వినిపించింది.

"నేను పిలువ" అంది శైలజ, గోడ వైపు తిరిగి.

"నువ్వు పిలవకు బిడ్డా" అన్నాడు సోమయ్య బయటి నుంచి. "నువ్వు పండుకో. నేనీడనే ఉంట."

ఆయన బోరింగు దగ్గర దండా గుడ్డా తీసేసి, నీళ్లు పోసుకుని, తారాబాయి తెచ్చిన పాత పంచె కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. డైరెక్టరు వచ్చి దగ్గినప్పుడు ఆయన తలెత్తలేదు.

"పెదనాన్నగారూ, ఆ సీను... వాడుకోవచ్చా?"

"అది సీను కాదు, మా ఇంటి ఏడ్పు. ఇడ్సిపెట్టి పోండి."

"కప్పు నేయించడం మరి..."

"కారనీ. వానలకు కారిందాని కంటె మస్తు కారింది ఇయ్యాల."

వాళ్లు వైర్లు చుట్టుకుని, నకిలీ బూజులను వదిలేసి, మెల్లగా వెళ్లిపోయారు. బాలమణి లోపలికీ బయటికీ తిరుగుతూ ఉండిపోయింది. లోపల కూతురు ఆమెతో మాట్లాడటం లేదు. బయట భర్త ఎవరితోనూ మాట్లాడటం లేదు. మూడేళ్లుగా ఆమె ఇద్దరినీ ఒక్క ఇంట్లో చూడాలని మొక్కితే, దేవుడు మొక్కులో సగమే చదివినట్టున్నాడు. కూతుర్ని లోపలికి తెచ్చి భర్తను బయట కూర్చోబెట్టాడు. అన్నం తీసుకెళ్తే సోమయ్య వద్దన్నాడు. లోపల శైలజా వద్దంది. బాలమణి ఆ రెండు కంచాలూ పొయ్యి పక్కన పెట్టి, వాటి మధ్య కూలబడింది. ఇంత అన్నం పెట్టుకోనివ్వని పంతం ఏ పంతమో ఆమెకు అర్థం కాలేదు.

సాయంత్రం ఎండ పెంకుల మీద వాలుతుండగా స్కూటరు ఆగింది. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లి, పక్కింటివాళ్ల దగ్గర కబురు విని వచ్చిన వెంకటసాయి, ముందు గేటు దగ్గరే ఆగిపోయాడు. మూడేళ్ల కింద అతన్ని కూడా ఆ గడప దాటొద్దన్నారు.

సోమయ్య లేచి నిలబడ్డాడు. "పిల్ల లోపలున్నది. మంచిగున్నది. నువ్వు లోపలికి పో."

"మీరు బయట ఉన్నారేంటండీ, మావయ్యగారూ?"

"నన్నింక పిలువలే."

వెంకటసాయి బూట్లు విప్పి, గడప ముందు తటపటాయించాడు. "నన్ను కూడా ఎప్పుడూ పిలవలేదండీ" అన్నాడు, నిందించకుండా.

సోమయ్య తల వంచుకున్నాడు. తల వంచడం అలవాటు లేని మెడ కాబట్టి చాలాసేపు పట్టింది.

"బయట ఉన్నోడు లోపలికి రమ్మని ఎట్ల పిలుస్తడు అల్లుడా? గందుకే పొమ్మంటున్న. తప్పు నాది. నువ్వు పో, పిల్ల కాడ కూసో. నేనీడ ఉన్నా సరే, పిల్ల మంచిగుంటే సాలు నాకు. నేను లోపలికి రాకున్నా పరవాలేదని చెప్పు."

అల్లుడా అన్న మాట పురిటి అర్రలోకి వెళ్లింది. అక్కడ బాలమణి నీళ్ల గ్లాసు పట్టుకుని, కూతురు తల కింద చెయ్యి వేసి లేపుతోంది. శైలజ కళ్లు తలుపు వైపున్నాయి. గ్లాసు పెదవులకు ఆనబోతుంటే, ఆమె దాన్ని మెల్లగా పక్కకు తోసింది.

"నాయినా" అంది.

బయట సోమయ్య గడప వైపు తిరిగాడు.

"నాయినా, దూపైతాంది. నీళ్లు తే."

"ఇన్నవా? పిలిచింది" అంది యాదవ్వ, కర్ర పక్కకు తీస్తూ.

గడప మీద పడబోయి, అల్లుడి భుజం పట్టుకుని నిలదొక్కుకుని, సోమయ్య లోపలికి వచ్చాడు. ఏ కాలు ముందు పెట్టాడో ఎవరూ చూడలేదు. కుండలోంచి ముంచిన చెంబుతో తొందరగా రాబోయి సగం నీళ్లు గచ్చు మీదే ఒలకబోశాడు. మిగిలిన సగం శైలజ రెండు చేతులతో పట్టుకుని, తండ్రి ముఖాన్నే చూస్తూ ఆఖరి చుక్క దాకా తాగింది. ఆయన మంచం పట్టె దగ్గర నేల మీద కూర్చుండిపోయాడు. ఆమె తడి చెయ్యి ఆయన నెత్తిన పెట్టింది.

తాను పట్టుకున్న గ్లాసుతో బాలమణి వంటింట్లోకి వచ్చేసింది. పొద్దుటి నుంచీ వాడంతా ఏడ్చిన ఆ ఇంట్లో అప్పటిదాకా ఏడవనిది ఆమె ఒక్కతే. పొయ్యి ముందు కూర్చుని, కొంగైనా అడ్డం పెట్టుకోకుండా గొంతెత్తి ఏడ్చింది.

అది విని తారాబాయి కొట్టు వదిలేసి మళ్లీ పరుగెత్తుకొచ్చింది. "ఏమైందే బాలమణీ? మల్ల ఏమైంది?"

"ఏం కాలే తారా" అంది బాలమణి వెక్కుతూనే. "నా బిడ్డ నీళ్లు దాగింది."